ఆగి చూద్దాం గారూ, టీచరమ్మగారి వేళావిశేషమూ

1991 జూన్ మూడో తేదీ సోమవారం ఉదయం మన ఆసుపత్రి రవాణా విభాగపు వర్క్‌షాపులో ఎలక్ట్రికల్ సహాయకులుగా బాధ్యతలు స్వీకరించి, నాటి నుంచి నేటి వరకు ఒకే కప్పు కింద, ఒకే నిష్ఠతో, అప్పుడప్పుడు ఒకే చొక్కాతో సేవలందించిన మన లోపనిర్ధారణ శాఖాధిపతి ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు వారి జీతం చీటీ మీద భద్రంగా ఉంది. మనం పెట్టుకున్న పేరు మాత్రం ‘ఆగి చూద్దాం గారు’. ఈ వ్యాసంలోనూ ఆ పేరే వాడుకోవడానికి వారి శ్రీమతిగారి అనుమతి ముందుగానే తీసుకున్నాం. “ఇంట్లో మేమూ అదే అంటాం, కాకపోతే గారు ఉండదు” అని ఆవిడ సెలవిచ్చారు.

ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో వారి పని డీజిల్ అంబులెన్సుల స్టార్టర్లు, డైనమోలు, లైట్ల మరమ్మతు. ఆ రోజుల్లో మన వర్క్‌షాపుకు తెలిసిన వైద్యం ఒక్కటే: ‘మార్చి చూద్దాం’. బండి మొరాయిస్తే బ్యాటరీ మార్చేవారు. దానితో కుదరకపోతే స్టార్టరు మార్చేవారు. చివరికి విసిగిపోయి డ్రైవరును మార్చేవారు. ఈ పద్ధతి వారికి మొదటినుంచీ కంటగింపు. ఎంతో నెమ్మదస్తులైన వారు, పరీక్షించకుండా ఎవరైనా కొత్త సామాను పెట్టె విప్పడం కనిపిస్తే చాలు, అగ్గిమీద గుగ్గిలమయ్యేవారు. ఆ పెట్టె లాక్కుని, ఎవరి చేయీ అందకుండా బీరువా మీద పెట్టి, “ముందు ఆగి చూద్దాం” అనేవారు. పేరు అలా స్థిరపడిపోయింది.

తదనంతర కాలంలో శీతలీకరణ వ్యవస్థలలో ప్రత్యేక శిక్షణ పొంది, సీనియర్ సాంకేతికులుగా, పర్యవేక్షకులుగా, అనంతరం శాఖాధిపతిగా వారు ఉన్నతిని సాధించారు. హోదా పెరిగినకొద్దీ ఆగడం కూడా పెరిగిందని చెప్పక తప్పదు. మన సెలవు చీటీల మీద సంతకం పెట్టే విషయంలోనూ వారు ఆగి చూశారు. ఆలోగా కొందరు జ్వరం తగ్గి డ్యూటీలో చేరిపోయారు. విద్యుత్ వ్యాన్లు వచ్చిన కొత్తలో, “ఇంజనే లేదు, ఇక మనం ఈగలు తోలుకోవడమే” అని మనలో చాలామందిమి సంబరపడుతుంటే, వారు మాత్రం భోజన విరామంలో వ్యాను కింద పడుకుని, ఏ తీగ ఎక్కడికి పోతోందో వేలితో చూపించుకుంటూ తమలో తాము మాట్లాడుకునేవారు.

రెండేళ్ల కిందటి వేసవి ఉదంతం చెప్పకపోతే ఈ అభినందన అసంపూర్ణమవుతుంది. మూత్రపిండాల రోగులను వారానికి మూడుసార్లు ఇళ్ల నుంచి డయాలసిస్‌కు తీసుకువచ్చి, మళ్లీ ఇళ్ల దగ్గర దింపే మన తెల్ల వ్యాను, ఎండలు ముదిరిన ఆ రోజుల్లోనే నడిదారిలో ఏసీ ఆపేయడం మొదలుపెట్టింది. విద్యుత్ వ్యానులో ఏసీ ఆగితే కష్టం ఉక్కపోతతో పోదు. మనుషులను చల్లబరిచే కంప్రెసరే అడుగున ఉన్న బ్యాటరీనీ చల్లబరచాలి కనుక, బ్యాటరీ వేడెక్కి బండి నత్తనడక పడుతుంది. తెరమీద ప్రతిసారీ ఒకటే ఫిర్యాదు: ఏసీ ప్రెషర్ సెన్సర్ లోపం. గొట్టంలో గ్యాసు ఎంత ఒత్తిడితో ఉందో బండిలోని కంప్యూటర్‌కు చెప్పే చిన్న పరికరమది. దాని మాట మీద నమ్మకం పోతే, ఎందుకొచ్చిన ప్రమాదమని కంప్యూటర్ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. బండి ఇంకా వారంటీలో ఉన్నందున మనవాళ్లెవరూ చేయి పెట్టే వీల్లేదు. అమ్మిన సంస్థ మెకానిక్ వచ్చి సెన్సరు మార్చారు. మళ్లీ వచ్చి మళ్లీ మార్చారు. ఇక కంప్రెసరే మార్చి చూద్దామని, అందుకు బండిని నెల్లాళ్లు షెడ్డులో పెట్టాలని తేల్చారు. ఆ మాట వినగానే ఆగి చూద్దాం గారు పై అధికారి గదికి వెళ్లి, ఒక్క రోజు బండిని తమకు వదలమని పట్టుబట్టి ఒప్పించారు.

ఆ రోజులో సగం, చూసేవాళ్ల లెక్కలో, వారు ఏ పనీ చేయలేదు. బండిని నీడలో పెట్టించి, ఏసీ ముట్టుకోనివ్వకుండా, పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నారు. “బండికి కాపలానా సార్?” అని మనలో ఒకరు అడిగితే, “దాన్ని స్థిమితపడనీ” అన్నారు. కదలకుండా ఉన్న బండిలో గ్యాసు ఒత్తిడి చుట్టూ ఉన్న వేడిని బట్టి ఒకచోట నిలుస్తుంది. అప్పుడు గొట్టానికి తగిలించిన గేజీ చెప్పేదీ, ఆ వేడికి ఉండవలసినదీ, సెన్సరు చెప్పేదీ ఒకటే కావాలి. మధ్యాహ్నానికి మూడూ ఒకే మాట చెప్పాయి. గ్యాసు సరిపడా ఉంది, సెన్సరు నిక్షేపంగా ఉంది, దానికి కరెంటు తెచ్చే తీగకు తగిలించిన మీటరులో ఐదు వోల్టులూ కదలకుండా ఉన్నాయి. లోపమే కనిపించని బండిలో ఇక దేన్ని వెతకాలో తోచక, గేజీ చేతిలో ఉండగానే వారు డ్రైవరును పిలిచారు.

“ఇది ఎప్పుడెప్పుడు వస్తోందయ్యా?”

డ్రైవరు తల గోక్కున్నారు. “చెబితే నవ్వుతారు సార్.”

“నవ్వనులే, చెప్పు.”

“టీచరమ్మగారు ఎక్కితేనే వస్తుంది సార్. ఆవిడ లేని రోజు బండి బంగారం.”

టీచరమ్మగారంటే పాఠశాలలో సంగీతం చెప్పి రిటైరైన పెద్దావిడ. చక్రాల కుర్చీలో వస్తారు. డ్రైవరు మాటకు మనమందరం పకపకా నవ్వాం. వారు నవ్వలేదు.

“ఆవిడ సంగతి వదిలెయ్. ఆవిడ ఎక్కేటప్పుడు బండి ఏం చేస్తుంది? అది చెప్పు.”

“బండేం చేస్తుంది సార్? వెనక ర్యాంపు దించుతాను. ఆ రూటులో చక్రాల కుర్చీ ఆవిడ ఒక్కరిదే కదా.”

“అయితే రేపు ఆవిడ ఎక్కేటప్పుడు నేనూ ఉంటాను.”

“ఆవిడ మన బండి మానేశారు సార్. బండిలో తోటి పేషెంట్లు ఊరికే, సరదాకే అన్నారు, ‘టీచరుగారు ఎక్కిన వేళావిశేషం, ఏసీ గోవిందా’ అని. మొదట్లో ఆవిడా నవ్వారు. తర్వాతేమో, నా వల్ల ఇంతమందికి అవస్థ ఎందుకని టాక్సీలో వస్తానన్నారు. టాక్సీ దొరికితే వస్తున్నారు, లేకపోతే లేదు. కిందటి వారం ఒక్కసారే వచ్చారట. ఒళ్లంతా నీరు పట్టిందని నర్సుగారు ఒకటే కంగారు.”

ఆ మాటతో వారు గేజీ నేలమీద పెట్టేశారు. చికిత్స తప్పితే ప్రాణం మీదికి వచ్చే మనిషి, మన బండి చెప్పిన చాడీ నమ్మి ఇంట్లో కూర్చున్నారని తెలిసిన ఆ క్షణంలో, మేమెరిగినంతలో మొదటిసారి, వారు ఆగలేదు.

“ర్యాంపు దించు. ఇప్పుడే!”

ర్యాంపు దిగింది. మీటరు మీద ఐదు వోల్టులూ సున్నా అయ్యాయి.

ర్యాంపు తెరిచి ఉందో మూసి ఉందో చెప్పే సెన్సరు ఒకటి వెనక ఉంది. దానికీ, ముందున్న ప్రెషర్ సెన్సరుకూ కరెంటు అందేది ఒకే తీగ నుంచి. మడతబందు దగ్గర ఆ తీగ ఒరుసుకుపోయి, ర్యాంపు దించినప్పుడల్లా ఇనుముకు తగులుతోంది. దాంతో రెండు సెన్సర్లకూ కరెంటు పోతోంది. ర్యాంపు తెరిచినప్పుడు వెనక సెన్సరు నోరు మెదపకపోవడం మామూలే కనుక కంప్యూటర్ దాన్ని అనుమానించలేదు; ఏ పాపమూ ఎరుగని ప్రెషర్ సెన్సరు మీద నేరం మోపి, బండి ఆపి మళ్లీ స్టార్టు చేసేదాకా ఏసీని పనిచేయనివ్వలేదు. మనం టీచరమ్మగారి మీద మోపిన నేరమూ అటువంటిదే. తీగ బాగుచేసి, గట్టి తొడుగు వేసి, ఒరిపిడి తగలని దారిలో కట్టడం ఆ సాయంత్రం లోపలే అయిపోయింది.

మరునాడు ఉదయం వారు స్వయంగా వ్యానులో వెళ్లి టీచరమ్మగారి తలుపు తట్టారు. తలుపు తీసిన ఆవిడ పాదాలు చెప్పుల్లో పట్టనంతగా ఉబ్బి ఉన్నాయి.

“అమ్మా, బండి వచ్చింది.”

“వద్దు నాయనా. నా అడుగు మంచిది కాదని మీ బండే సాక్ష్యం చెబుతోందిగా.”

“బండి అబద్ధం చెప్పిందమ్మా. తీగ ఒరుసుకుపోయి ఏదేదో వాగింది. నిన్న దాని నోరు బాగుచేశాను.”

“అసలు అడుగు, అడుగు అంటారేమిటయ్యా అందరూ? నేను అడుగు వేసి ఎన్నేళ్లయింది? నావి చక్రాలు” అంటూ ఆవిడ నవ్వారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు.

వ్యానులో ఉన్నవాళ్లందరూ చూస్తుండగా ర్యాంపు దిగింది, కుర్చీ ఎక్కింది, ర్యాంపు మూసుకుంది. ఏసీ చల్లగా వీస్తూనే ఉంది. ఆసుపత్రి దాకా వీస్తూనే ఉంది. దారిలో, అందరికంటే ఎక్కువగా వేళాకోళమాడిన బట్టల కొట్టు పెద్దాయన, చేతులు ముడుచుకుని, “చలేస్తోంది, కాస్త తగ్గించండి బాబూ” అన్నారు.

“తగ్గించడం ఎంతసేపు? నన్నోసారి దింపి మళ్లీ ఎక్కించండి” అన్నారు టీచరమ్మగారు. బండంతా గొల్లుమంది. పెద్దాయన లేచి, అందరి ముందూ, తప్పయిపోయిందమ్మా అన్నారు.

నాటి నుంచి ఆవిడ చికిత్స ఒక్కసారీ తప్పలేదు. ఏ భాగం చెడిందని అడగడానికి ముందు, అంతకుముందు ఏం జరిగిందని అడగడం మన శాఖలో అప్పటినుంచే అలవాటైంది. ఆ అలవాటును మనకు మిగిల్చి వెళుతున్న వారికి మనమంతా ఋణపడి ఉన్నాం. ఇకపై వారి సమయం పూర్తిగా శ్రీమతిగారిది, కూతురిది, అల్లుడిది. ఆ ఇంట్లో ఫ్రిజ్‌కు ఏ జబ్బు చేసినా వారు ఎంతసేపు ఆగినా అడిగేవారు ఉండరు.

వారికి ఆయురారోగ్యాలు కోరవలసిన ఈ చోట మా మాటలను పక్కన పెడుతున్నాం. ఆ పని మాకంటే బాగా చేయగలవారు టీచరమ్మగారు. ఈ సంచిక కోసం నాలుగు మాటలు అడగడానికి వెళ్లినప్పుడు ఆవిడ డయాలసిస్ మంచం మీద ఉన్నారు. చేతిలో సూదులు, పక్కన తిరుగుతున్న యంత్రం. ఆవిడ చెప్పినది చెప్పినట్టే ఇస్తున్నాం:

“ఆయుష్షంటే ఏమిటో నన్నడగండి. నాకు వారానికి మూడుసార్లు సూదులు గుచ్చి, కొంచెం కొంచెంగా ఇస్తారు. ఆయనకి అలా వద్దు. ఊరికే రావాలి. బోలెడంత రావాలి. ఎంత మిగిలిందో చూసుకోవాలన్న ఊహే ఆయనకి రాకూడదు.”