ఊరేగింపుకు పోయేముందు

హలో… ఎవురూ, వెంకటేశ్వరీ, నువ్వేనా?… ఆ, నేనే మే, తిరుపాలక్కను… బతికే ఉండా. ఏడవాకు. మన యజమానమ్మ మామా యాడుంది?… మేడ మీదనా? అయినా గొంతు తగ్గించు.

ఈన్నే, సల్వా పేటలోనే. రెండు వీధులవతల. రాయచోటి కుల్సుమ్ బీ లేదూ… ఆ, ఆయమ్మ వంట చేసే ఇంట్లో. నిన్నటి నుంచీ.

కాలు తెగింది… లే లే, తూటా కాదు, గాజు పెంకు. చెప్పులు యాడ ఊడిపోయినాయో. ఒట్టికాళ్లతో పరిగెత్తినా.

ఏందీ?… రేపు నిన్ను రమ్మనిందా? మల్లా ఊరేగింపుకా?…

రానని చెప్పలేవా?… అవున్లే. మన పాస్‌పోర్టులు ఆమె బీరువాలోనే ఉండె. ఇరాకోళ్లు ఈ దేశంలో దిగి పదిదినాలాయె. ఆ ఇల్లు దాటి యాడికని పోతావు.

అయితే విను. చెప్పులేసుకోవాకు. పెద్దపాప బూట్లు నీకు పడతాయి గదా, లేసు బిగించి కట్టుకో. అబాయా అంచు పైకి దోపుకో. ఎవురన్నా తొక్కినారంటే బోర్లా పడతావు… పడినావే అనుకో, లేయలేకుంటే తలకాయ చేతుల్తో మూసుకోని పక్కకు ముడుచుకో.

ఇఖామా, ఈడ ఉండేదానికిచ్చిన కార్డు, రవికెలో పెట్టుకో. నీళ్లసీసా ఒకటి. ఈ ఇంటి నంబరు చెప్తా, చేతిమీద పెన్నుతో రాసుకో… కాయితం వద్దు, యాడో పడిపోతాది.

నడిమిట్లో నిలబడాకు. అంచున ఉండు. పక్కసందు యాడుందో ముందే చూసిపెట్టుకో. కాల్పులైతే గుంపుతో తిన్నగా పరిగెత్తాకు, అడ్డంగా సందులోకి దూరు…

ఇంకోటి. బ్యానరు గుడ్డ ముందు కొస పట్టుకోమంటాది. పట్టుకోవాకు.

…నన్నూ అట్లనే అనింది మే. "తిరుపాల్, నువ్వు నా కూతురు మాదిరి. నా భుజం నొస్తాంది, నువ్వు పట్టుకో" అనింది. మురిసిపోయి పట్టుకున్యా. ఆడోళ్లందరూ ఇరాకోళ్లు పోవాలని అరస్తాంటే నేనూ అరిచినా. మన దేశం కాదు, అయితేనేం… తొమ్మిదేండ్లు ఆయమ్మ పిల్లోల్లను పెంచిన చోటు గదా.

తూటాలు పైకే కాల్చినారు. అంతే, గుడ్డ కిందపడె. చూస్తే పక్కన మామా లేదు. కారుకాడికి పోయినా. లోపల కూర్చోనుండాది. తలుపు లాగితే రాలా. మామా, మామా అని అద్దం మీద కొట్టినా…

చూసింది మే. నా మొగం చూసింది. చూసే కారు పోనిచ్చింది.

…ఏమనిందీ?… నేను పారిపోయినానా? సందు చూసుకోని?… అందరికీ అట్లనే చెప్పిందా?

మల్ల నువ్వు?… నమ్మినావా?…

సరేలే. ఏడవాకు. నేను నమ్మలేదా తొమ్మిదేండ్లు.

ఒకటే గుర్తుపెట్టుకో. కారు ఉంది గదా అని ధైర్యంగా ఉండాకు. కారు లేదనుకోనే పో. కాళ్లమీదనే ఈడికి…

ఎవురు?… దిగొచ్చిందా? ఫోనడుగుతాందా?… ఇయ్యి. ఇయ్యి మే, భయమేంటికి.

…ఆ, మామా. నేనే, తిరుపాల్.

ఏందీ?… చిన్నపాపకు ఆయాసమా? ఎప్పట్నుంచి?… దగ్గు కూడానా?

మందు ఫ్రిజ్జులో లేదు మామా. నా గదిలో, కిటికీ కాడ రేకు డబ్బాలో ఉండాది. వెంకటేశ్వరిని పంపు, తెస్తాది… ఒక స్పూనే. ఎక్కువ పోయొద్దు. పండబెట్టొద్దు, వీపుకు దిండు పెట్టి కూర్చోబెట్టు. వెచ్చని నీళ్లు కొంచెం కొంచెం తాపు. ఏడిస్తే ఆయాసం ఎక్కువైతాది, ఒళ్లో పెట్టుకో…

ఆ, నీలం మూత. అదే.

…తాగిందా? మంచిది.

ఇంకేమన్నా అడగాలనుందా, మామా?…

మామా?…

హలో…

…లేదు కుల్సుమ్ బీ, లైను పోలా. మందు దొరికిందంట. ఫోను పెట్టేసింది.