ఎరల్ సంతకం పెట్టని కాగితం

మీ తాత గురించా? కూర్చో మరి. ఆ కుర్చీ కాదు తల్లీ, దానికి కాలు ఊగుతుంది, ఇటు రా. ఎరల్ ట్రాంటర్ అంటే ఈ ఊళ్లో ఎవర్నడిగినా గోధుమ గోదాముల దగ్గర లారీలు కాటా వేసే మనిషనే చెబుతారు. ఫుట్‌బాల్ జట్టు జెర్సీలు ఉతికిపెట్టేవాడని కూడా చెబుతారు. అదీ నిజమే, మీ నాయనమ్మ డల్సీ ఆ బురద చూసి ఎంత తిట్టేదో. కానీ టెగన్, నువ్వడిగేది అది కాదు కదా. పెట్టెలో కోర్టు కాగితాలు దొరికాయన్నావు. సరే. నేనూ వాడూ పదకొండేళ్లప్పుడు కొండ మీద హాస్టల్లో చేరాం. మా పొలాలు దూరం, ఈ విమెరా ప్రాంతంలో అప్పట్లో బడంటే ఆ క్రైస్తవ మఠం బ్రదర్ల బడే. అక్కడ ఓస్వాల్డ్ అని ఒక బ్రదరు, జబ్బు గది ఆయన చేతిలో ఉండేది. తెల్లటి గది, లోపలి నుంచి గడియ. ఎవరికైనా జలుబు చేస్తే చాలు, మెత్తగా, తేనె పూసినట్టు, "ఏం నాయనా, ఒంట్లో బాగాలేదా? రా, చూస్తాను" అనేవాడు. అందుకని మేం దగ్గు మింగేవాళ్లం. చలికాలం ప్రార్థనలో అరవై మంది పిల్లలం, ఒక్కడు దగ్గితే ఒట్టు. మీ తాతని ఎన్నిసార్లు తీసికెళ్లాడో నేను చూశాను. బయట బల్ల మీద కూర్చున్నాను, చూశాను. అంతకంటే చెప్పను, నువ్వు అడగకు.

తర్వాత ఏముంది, పెరిగాం, పెళ్లిళ్లయ్యాయి. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో, ఎనభై ఆరులో అనుకుంటా, మీ తాత రొట్టెల కొట్లో నిలబడి ఉంటే వెనకనించి అదే గొంతు. "ఏం ఎరల్, ఒంట్లో బాగుందా?" ముసలాడైపోయి, పని మానుకుని, మళ్లీ మా ఊరికే చేరాడు ఓస్వాల్డ్. మీ తాత రొట్టెలు అక్కడే వదిలేసి కారులో కూచున్నాడు. అరగంట అలాగే. ఆ వారంలోనే ఎవరికీ చెప్పకుండా హోర్షమ్ టౌనుకి వెళ్లి హాలోరన్ అని ఒక లాయరమ్మని కలిశాడు. ఆవిడ దాచకుండా చెప్పింది. పోలీసు కేసుకి గడువు లేదు, ఎప్పుడైనా పెట్టొచ్చు. కానీ మా ఊరి సార్జెంటు ఆదివారం చర్చిలో ఓస్వాల్డ్ పక్కన కూచుంటాడు, ఇంకేం పెడతాడు? సివిలు దావాకయితే పద్దెనిమిది నిండాక ఆరేళ్లే. అంటే ఇరవై నాలుగో ఏటికి తలుపు మూసేశారు. మరి ఇరవై నాలుగేళ్లవాడు ఇలాంటిది ఎవరితో చెప్పుకుంటాడమ్మా, వాడికి వాడే చెప్పుకోలేడే! గడువు పెంచమని జడ్జీని అడుక్కోవచ్చట, కానీ ఇన్నేళ్లు ఏం చేశావంటారు, కళ్లారా చూసినవాడొకడు వచ్చి చెబితే బలం అంది.

వాడు నా దగ్గరికొచ్చాడు. నేను దొడ్లో గొర్రెలకి మందు పడుతున్నాను. "క్లైవూ, నువ్వు బల్ల మీద కూచున్నావు కదరా, ఆ ఒక్క ముక్క చెప్పు చాలు" అన్నాడు. నేను గొర్రె నోరు వదల్లేదు. "నాకేం గుర్తు లేదురా" అన్నాను. వాడు గేటు జాగ్రత్తగా వేసి వెళ్లిపోయాడు. ఆ గేటు వేసిన తీరు... దబాలున వేసినా బావుండేది.

వాడు లాయర్ని కలిసిన కబురు ఎలా పాకిందో, పది రోజుల్లో వాళ్లింటి ముందు నల్ల కారు ఆగింది. బ్రదర్ల సంస్థ తరఫున, మంచి కోట్లు వేసుకున్నవాళ్లు ఇద్దరు. "ఎరల్ గారూ, పాత సంగతులు, మనసు తేలిక చేసుకోండి, ఇదిగో ఇక్కడ సంతకం" అంటూ ఓ కాగితం. పెడితే ఏదో కొంత ముట్టజెబుతారు, ఇక జన్మలో నోరెత్తకూడదు, దావా వేయకూడదు. తనకి చూపించకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని లాయరమ్మ ముందే చెప్పింది. కాదని మొహం మీద చెప్పే దమ్ము మీ తాతకి లేదు. "కళ్లజోడు కనపట్టం లేదండీ" అన్నాడు. మళ్లీ వచ్చారు, మళ్లీ కళ్లజోడు లేదు. మూడోసారి డల్సీ వాళ్ల ఎదురుగానే సొరుగులన్నీ లాగి పారేసి వెతికింది, జోడు ఆవిడ జేబులోనే ఉంది! వాళ్లు వెళ్లాక మీ తాత స్నానాలగదిలో కూచుని గంటసేపు బయటికి రాలేదట. ధైర్యమనుకునేవు, కాదమ్మా, ఉత్త భయం. తన పేరు వాళ్ల పేర్ల పక్కన పడుతుందనే భయం. ఆ తర్వాత ముప్పై ఏళ్లు రోడ్డు మీద నల్ల కారు కనబడితే కర్టెను వేసేవాడు.

రెండువేల పదిహేనులో చట్టం మారింది. మా విక్టోరియా రాష్ట్రంలో చిన్నప్పటి ఇలాంటి కేసులకి గడువే తీసేశారు, ఎన్నేళ్లయినా దావా వేయొచ్చు. ఓస్వాల్డ్ అప్పటికే పోయాడు, అయినా ఆ బ్రదర్ల సంస్థ మీద వేయొచ్చు. సంతకం పెట్టి ఉంటే అదో అడ్డు అయ్యేది. అరవై ఏడేళ్లవాడు మళ్లీ నా గేటు దగ్గరికొచ్చాడు. ఈసారి ఏమీ అడగలేదు, నిలబడ్డాడంతే. నేనే వెళ్లి కారెక్కాను. లాయరమ్మ ఆఫీసుకెళ్లి బల్ల సంగతి చెప్పాను. రాసిచ్చాను. దావా వేశాక, విచారణకి ముందురోజు వాళ్లు దిగొచ్చారు. ఆ సంస్థ పెద్ద మీ తాత ఎదురుగా కూచుని క్షమాపణ ఉత్తరం చదివాడు. మీ తాత విని, "ఇంకోసారి చదవండి, కాస్త గట్టిగా" అన్నాడు. చదివాడు తల్లీ, అక్షరం పొల్లుపోకుండా చదివాడు.

తిరిగొస్తూ కారులో వాడన్నాడు, "ఒరే క్లైవూ, జలుబు నాకొక్కడికే చేసేది కాదని నాకు తెలుసు. నీకు తొందరేం లేదు, ఇప్పుడు గడువు లేదు." నేను రోడ్డు చూస్తూ నడిపాను. మరుసటేడు శరత్కాలంలో నిద్రలోనే పోయాడు.

కోర్టుకి గడువు లేదు, సరే. ప్రభుత్వం వాళ్ల పరిహారం పథకముందే, కోర్టుకెళ్లక్కర్లేకుండా ఫారం పంపుకునేది, దానికి మాత్రం రెండువేల ఇరవైయేడు జూన్ ఆఖరట. తెప్పించాను. ఆ బీరువా మీదే ఉంది. మొదటి పేజీలో పేరు ఒక్కటే రాయాలి... ఏమిటలా చూస్తావు? నీ దగ్గర పెన్నుందా? వద్దులే. తియ్యకు. కూచో, ఊరికే కూచో కాసేపు.