తాడు లేని అరణం

గాదిలింగప్ప అని ఉండె, నల్లగుండ్లకొట్టాలలో. వాని మీసం మోసేదానికే ఇంకొక మనిషి కావాలంట, అంత మీసం. గొర్రెలు కాసేవాడే, మన మాదిరి మనిషే, కానీ మాటలు వింటే మాత్రం ఏడూర్లకి పెద్దరెడ్డి అనుకో. సాయంకాలం మంద ఇంటికొచ్చేటప్పుడు చూడల్ల వాన్ని. ముందర వాడు, భుజాన కంబళి, చేతిలో కట్టె, మీసం మీద చెయ్యి. వాని ఎనకాల మంద. మంద ఎనకాల, ఆ దుమ్ములో కండ్లకి గూడ ఆనకుండా, వాని కూతురు మారెక్క. అరుగుల మీద కూర్చున్నోళ్లు, "ఏమప్పా గాదిలింగా, జీవాలు నీ ఎనకాల భలే వస్తాండాయే" అంటే, "నా గొంతు తప్ప ఇంకొకరి గొంతు ఎరగవప్పా అవి, నేను బాయిలో దూకితే అవీ దూకుతాయి" అంటాండెనంట. వలిచేది ఆపద్దండమ్మా, చేతులు ఆడతానే ఉండల్ల. శెనక్కాయలు వలిచేది చెవులతో కాదు గదా, చెవులు ఇటు పెట్టండి.

అసలు సంగతి ఏమంటే, పొద్దున మంద బీటికి పోతానే గాదిలింగప్ప ఒక చెట్టు నీడ చూసుకోని కంబళి పరిచేవాడు. పరిచినాడంటే మళ్ల పొద్దు గుంకేటప్పుడే లేచేది. ఆ గురకకి తొండలు గూడ చెట్టు దిగి పోయినాయంట. మరి మేపేది ఎవరు? మారెక్క. వంకలో చెలమ తీసి నీళ్లు తాపేది ఎవరు? మారెక్క. ముల్లు దిగితే తీసేది, ఈనలేక అవస్థ పడే గొర్రె పక్కన కూర్చోని పిల్లని బయటికి లాగేది, తల్లి చచ్చిపోయిన పిల్లని ఒడిలో పెట్టుకోని పాలు తాపేది, అన్నీ మారెక్కనే. "నాయనా, నువ్వు నిద్రపోతాండావు" అని ఒక్కనాడు గూడ అనిన పాపాన పోలేదు. పొద్దు గుంకితే నాయన్ని లేపి, కంబళికి అంటిన ఆకులు దులిపి, "పా నాయనా, ముందర నడువు" అని, తాను ఎనకాల నిలబడి మందని తోలుకోని వచ్చేది. వాడేమో తనని చూసే నడుస్తాండాయి అనుకుంటాండె. అట్ల అనుకోని అనుకోని అదే నిజమైపోయింది వానికి. నవ్వుతాండావా నాగప్పా? నవ్వు నవ్వు. మీ ఇంట్లో ఎనుము ఎవరు పిలిస్తే పలుకుతాదో నాకు తెలీదా.

అట్లుండంగ మారెక్కకి పెండ్లి కుదిరింది. వేపులదొడ్డి కరెన్న కొడుకు హొన్నూరప్పతో. పిల్లోడు మంచోడు, మాట తక్కువ. పందిట్లో గాదిలింగప్ప తిరిగిన తిరుగుడు పెండ్లికొడుకు గూడ తిరగలేదంట. కనపడినోళ్లనంతా పట్టుకోని, "నా బిడ్డ బంగారం. నోట్లో నాలుక లేని పిల్ల. సంగటి కెలికితే దాని తర్వాతే ఎవరన్నా. ఒక్క గొర్రెల సంగతే తెలీదు, ఆ పని నాది గదా" అని చెప్తాండె. ఆ మాట వింటానే వాని పెండ్లాం మాళమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకోని పక్కకి పోయిందంట. ఏడ్చేదానికి కాదు.

ఇంక పిల్లని పంపించే పొద్దు వచ్చింది. పుట్టింటోళ్లు అరణం ఇయ్యల్ల గదా, గొర్రెలోళ్లు గొర్రెనే ఇస్తారు. కరెన్న ఆశపోతు కాదు. "బావా, ఒక్క గొర్రెపిల్లని ఇయ్యి చాలు, మా కోడలు సాకుకుంటాది" అన్నాడు. అంతే, గాదిలింగప్పకి మీసం లేచింది. పెండ్లి కల్లు గూడ కొంచెం లోపల ఉండె అనుకో. "ఒక్క పిల్లనా? గాదిలింగప్ప కూతురికి లెక్క పెట్టి ఇస్తాడా? పెద్దమనుషులూ, వినండి. దొడ్డి తలుపు తీస్తా. తాడు కట్టకుండా, కట్టెతో తోలకుండా, నా బిడ్డ ఎనకాల నడిచి పొలిమేర రాయి దాటిందంతా దానిదే. బీరప్ప మీద ఆన" అన్నాడు. లోపల వాని ఎత్తు ఏమంటే, అవి నా గొంతు తప్ప ఎరగవు, మహా అయితే దాని ఒడిలో పెరిగిన పిల్ల ఒకటి పోతాది, పోయేది పిల్ల, వచ్చేది పేరు, అని. మాళమ్మ, "ఏమయ్యా, ఆ మాట ఎనక్కి తీసుకో" అనింది. "నీకేం తెలుసే, ఉండు" అన్నాడు. మారెక్క వంచిన తల ఎత్తి, "వద్దు నాయనా, ఒక్క పిల్ల చాలు నాకు" అనింది. "నీకు గొర్రెల సంగతి తెలీదు పాపా, ఊరుకో" అన్నాడంట! ఎవరితో? మారెక్కతో!

దొడ్డి తలుపు తీసినారు. మారెక్క పాపం, నోటికి కొంగు అడ్డం పెట్టుకోని, ఏడుపు గూడ బయటికి రానీకుండా నడిచింది. ఏడిస్తే గొంతు గుర్తుపట్టి వస్తాయని. ఆ పిల్ల మనసు చూడండి, అప్పుడు గూడ నాయన మందని కాపాడదామనే. కానీ గొర్రెకి గొంతు ఒక్కటే గుర్తా? అడుగు చప్పుడు చాలదా? కొమ్ముల పొట్టేలు తలెత్తింది. చెవులు ఆడించింది. బయల్దేరింది. దాని ఎనకాల ఇంకొకటి. దాని ఎనకాల ఇంకొకటి. గొర్రెదాటు అని ఊరికే అన్నారా, కండ్లు మూసి తెరిచేలోపల దొడ్డి ఊడ్చినట్ల అయిపోయింది. గాదిలింగప్ప "హుర్ర్, బా బా" అన్నాడు. పలికేదెవరు? కట్టె పడేసి, రెండు చేతులూ చాపి అడ్డం నిలబడినాడు. పక్కనుంచి పోయినాయి. ఒక ముసలి గొర్రె మాత్రం నిలబడి వాని మొఖం కల్లా చూసిందంట, వీన్ని యాడనో చూసినట్లుందే అన్నట్ల. చూసి, అది గూడ పోయింది. ఊరంతా పడీ పడీ నవ్వుతాండారు. "గాదిలింగా, బాయిలో దూకి చూడు, ఏమన్నా వస్తాయేమో" అని ఎవడో కేక.

ఇంక నవ్వు చాలు, ఈ ముక్క వినండి. వాడు ఎనకాల పడి పరిగెత్తినాడు. మొదట మంద కోసమే పోయినాడు, అబద్ధం ఎందుకు. మంద పోతే మొగుడూ పెండ్లాం ఏం తిని బతికేది? కానీ పోతాపోతా ఏమైందంటే, ఆ దుమ్ములో బిడ్డ కనపడింది. ఆ పిల్ల ఎనకాల వాడు ఒక్కనాడన్నా నడిచినోడు కాదు గదా, ఎప్పుడూ ముందరే. ఎనకనుంచి చూసేది అదే మొదలు. పెండ్లి చీర కట్టుకోని, తలనిండా పూలు పెట్టుకోని నడుస్తా నడుస్తానే, దావలో కంపముల్లు ఉంటే కాలితో పక్కకి నెట్టింది. వంక గట్టు కాడ పిల్ల ఒకటి దిగలేక అరుస్తాంటే, వంగి ఆ కొత్త చీర ఒడిలోకే ఎత్తుకునింది. ఎవరూ చెప్పలా, ఎవరన్నా చూస్తారనీ కాదు. "అయ్యో, ఇదంతా ఈ పిల్ల చేస్తాంటే నేను మీసం మోసినానా ఇన్నాళ్లూ" అని వాని గుండె నీళ్లయిపోయింది. సిగ్గూ వచ్చింది, ఇట్లాంటి బిడ్డని కన్నానే అని గర్వమూ వచ్చింది, ఏది ముందో వానికే తెలీలా. మందని పిలిచేది మర్చిపోయి, ఏడుస్తా నడిచినాడు.

పొలిమేర రాయి దాటినాక అందరూ నిలబడినారు. మాళమ్మ మాత్రం తెలివైంది, రాయికి ఊరి పక్కనే ఆగిపోయింది. కరెన్న, "బావా, పెండ్లి సంబరంలో అనిన మాట, నాకు పట్టింపు లేదు, తోలుకపో" అన్నాడు. గాదిలింగప్ప కండ్లు తుడుచుకోని, "లేదు బావా, ఆన పెట్టినా. అయినా ఇచ్చేదానికి అవి నావైతే గదా. మొదటి నుంచీ నా బిడ్డవే, నాకు ఈ పొద్దు తెలిసింది" అన్నాడు. అప్పుడు మారెక్క పెద్దమనుషుల కల్లా తిరిగి, "మా నాయన ఏమని మాట ఇచ్చినాడో ఇంకొకసారి చెప్పండి" అనింది. ఊరి పెద్ద చెప్పినాడు, "తాడు లేకుండా, కట్టె లేకుండా, నీ ఎనకాల నడిచి రాయి దాటిందంతా నీదే" అని. "అయితే మా నాయన యాడ నిలబడినాడో చూడండి" అనింది. అందరూ చూసినారు. వాడూ చూసుకున్నాడు. రాయి వాని ఎనకాల ఉండె. "ఎవరన్నా తాడు కట్టినారా?" "లేదు." "కట్టెతో తోలినారా?" వాని కట్టె దొడ్డి కాడనే పడి ఉండె. "లేదు." "అయితే ఈయన గూడ నా అరణమే" అనిందంట, నోట్లో నాలుక లేని పిల్ల! "నా సొత్తు నా ఇష్టం. మందని మా అమ్మ దొడ్లో పెడతాండా. మేపేదానికి ఈయన్ని పెడతాండా. ఈ ఒడిలో పిల్ల నాకు చాలు. నాయనా, ఇంకమీద కంబళి పరిచేది లేదు. నడిస్తే మంద ఎనకాల నడువు, ముందర కాదు" అనింది. హొన్నూరప్ప, అంతవరకు నోరు తెరవనోడు, "బతికినా, మామని గూడ మేపల్లనేమో అనుకుంటి" అన్నాడంట.

ఇంక మంద ఎనక్కి తిరిగితేగా? మారెక్క మూట విప్పి, తాను మేపేటప్పుడు కప్పుకునే పాత కంబళి, వద్దంటే వినకుండా అత్తగారింటికి తీసకపోతాండిన కంబళి, తీసి నాయన నెత్తిన కప్పింది. ఆ వాసనకి తిరిగినాయి అవి, వాని మొఖం చూసి కాదు. మీసం కంబళిలో మునిగిపోయి, మంద ఎనకాల దుమ్ము మింగుతా వచ్చినాడంట గాదిలింగప్ప.

అంతటితో వాని గొప్పలు పోయినాయి అనుకుంటారేమో. యాడ పోతాయి! అరుగు కనపడితే చాలు, "ఈ జీవాలు ఎవరివో తెలుసా, మా పాపవి. నేను గూడ ఆ పాపదే. నన్నే తాడు లేకుండా తోలుకపోయింది, అట్లాంటి బిడ్డని మీ ఇండ్లల్లో చూపియ్యండి" అంటాండె. జాతరకి మారెక్క వస్తే ముందు మంద కల్లా చూస్తాది, పొట్టేలు పండ్లు చూస్తాది, ఆఖర్న, "నువ్వు బాగ మేస్తాండావా నాయనా" అంటాది. వాడు మీసం దువ్వి, "మేస్తాండా తల్లీ" అంటాడు.

అదీ సంగతి. ఏమప్పా, అట్ల చూస్తాండారు? కాయలన్నీ మేమే వలిచినాం, ఈ ముసలోడు ఒక్కటి గూడ వలవలేదు అనా? ఇంతసేపూ తాడు లేకుండా, కట్టె లేకుండా నా కథ ఎనకాల నడిచొచ్చినారు గదా. కాబట్టి మీరంతా నా మందే. ఆ మిగిలిన గంప గూడ వలిచేయండి. నేను అట్ల నీడలో కంబళి పరుచుకుంటా.