భయం తీసేసిన కోళ్లు

చికెన్ షాపు షట్టరు సగం దించి ఉంది. లోపల మొద్దు వెనక షాపు యజమాని నిలబడ్డాడు. ప్రయోగశాలలో కోళ్ల జన్యువులు మార్చే అతని మరదలు ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"పట్టపగలు షాపు మూశావేంటి బావా? నేను పంపిన కోళ్లు బాగాలేవా?"

"బ్రహ్మాండంగా ఉన్నాయి. జాలీ తలుపు తీస్తే చాలు, చుట్టాల్లా నడిచొచ్చి మొద్దెక్కి కూర్చుంటున్నాయి."

"మేం కోరుకున్నది అదే. భయం పుట్టించే జన్యువు తీసేశాం. చచ్చేముందు గిలగిల్లాడవు. ఆ మేరకు పాపం తగ్గినట్టే కదా?"

"ఎవరికి తగ్గింది? ఇదివరకు అది పారిపోయేది, నేను తరిమేవాణ్ణి. అది రక్కేది, నాకు ఒళ్లు మండేది. ఆ కోపంలో పనైపోయేది. మా ఇద్దరికీ అదో మర్యాద. ఇప్పుడు కత్తి తీస్తే మెడ చాచి నా వంకే చూస్తోంది."

"నాలుగు రోజులు పోతే అలవాటవుతుందిలే."

"మీ అక్కకీ నేనంటే భయం లేదు. ఆవిడకీ ఏదైనా జన్యువు తీశావా?"

"అక్క పుట్టుకతోనే అంత. బావా, నువ్వు ఒక్కటీ కొయ్యలేదని తెలిస్తే మా పరిశోధన ఆపేస్తారు."

"అయితే నువ్వే కొయ్యి. కత్తి నీ పక్కనే ఉంది. కోడి నీ ఒళ్లోనే ఉంది."

"ఇదెప్పుడెక్కింది?"

"నువ్వు పాపం గురించి చెబుతున్నప్పుడు."

ఆమె కత్తి అందుకుంది. అతను మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఎంతసేపటికీ చప్పుడు లేదు.

"ఏమైంది?"

"మెల్లగా మాట్లాడు బావా, నిద్రపోయింది."