నంబరు లేని కవర్లు

ఆ ముసలాయన్ని నిలబెట్టి అలా కడిగేస్తారేంటండీ మాస్టారూ? ఉత్తరాలు ఏమైనా తిని అరిగించుకున్నాడా గేటు తాత? ఉన్న నాలుగు పళ్ళతో రొట్టెముక్కే నమల్లేడు, కవర్లు నమిలేస్తాడా? రేపట్నుంచి రావద్దంటారా! ముప్పై ఏళ్ళ నుంచి ఆ గేటు తీసి మూసిన మనిషండీ ఆయన. తాతా, నువ్వెళ్ళి నీ కుర్చీలో కూర్చో. ఏడవకు. వెళ్ళు, నేను మాట్లాడతాగా.

తలుపు కాస్త దగ్గరికి వేస్తానండీ. అబ్బే, గొడవకి రాలేదు. దిండు గలీబులు ఇద్దామని వచ్చా. ఆఫీసుకి దిండ్లెందుకంటారా? అదీ నిజమే.

మీరు ఆ కాగితం ముందు పక్కన పెట్టండి. అందులో ఏముందో నాకు తెలుసు, పొద్దున్నుంచి హోమంతా అదే మాట. రెండు వందల పదిహేడో నంబరు పాపకి సాయం చేసే ఆవిడ మానుకుందట. తను మూడు ఉత్తరాలు రాస్తే ఒక్కదానికీ జవాబు లేదట. కాబట్టి మా పిట్ట పదో తరగతి అయ్యాక నర్సు చదువుకి వెళ్ళదు, నాతోపాటు తొట్టి దగ్గర బట్టలు పిండుతుంది. అంతేగా?

ఆ మహాతల్లి అంటే నాకు మొదట్నుంచీ ఒళ్ళు మంటే మాస్టారూ. దాపరికం ఎందుకు?

మీరు వచ్చి ఏడాదేగా, మీకు తెలీదు. దాని నాన్న రాళ్ళ క్వారీలో పోయాక, పిట్టని చంకనేసుకుని ఈ గేటు ముందు నిలబడ్డాను. పెద్ద సిస్టర్ దేవతండీ, కాదనను. పిల్లని హోములో చేర్చుకుంది, నాకు బట్టలుతికే పని ఇచ్చింది. ఒక్కటే మాట చెప్పింది. "ఇక్కడ చాలామందికి తల్లి లేదమ్మా. అందరి ముందూ నిన్ను అమ్మా అని పిలిస్తే వాళ్ళ మనసు కష్టపడుతుంది. అందరిలాగే ఆయమ్మా అనమను" అంది.

సరే అన్నా. అన్నం పెట్టే చేతిని కాదనగలమా? ఆరేళ్ళ పిల్ల, రెండ్రోజులు తడబడింది, మూడోరోజుకి ఆయమ్మా అనేసింది. తొమ్మిదేళ్ళు అయిందండీ. కన్నది నేను. పాలిచ్చింది నేను. పిలుపు మాత్రం ఆయమ్మ!

మరి ఆ సముద్రాల అవతల కూర్చున్న ఆవిడకి? ఉత్తరం మొదట్లోనే "ప్రియమైన అమ్మకి"! నాకు చదువు రాదు గానీ చెవులున్నాయిగా. చిన్నప్పుడు పిట్ట రాసింది సిస్టర్‌కి చదివి వినిపిస్తుంటే, కిటికీ కింద దుప్పట్లు ఆరేస్తూ విన్నాను. చేతిలో దుప్పటి చేతిలోనే ఉండిపోయింది. కళ్ళల్లో కారం కొట్టినట్టయింది.

ఏమిటండీ, చేసిందేమిటి ఆవిడ? మా పిల్లకి జ్వరం వస్తే తడిగుడ్డ వేసిందా? తలలో పేలు తీసిందా? డబ్బులు పంపింది, ఒక బొమ్మ పంపింది, ఏడాదికో ఫోటో పంపింది. ఆ ఫోటో మా పిట్ట మంచం తలవైపు అంటించుకుంది. తెల్లజుట్టు, కళ్ళజోడు, పక్కన పిల్లి. ప్రార్థనలో ముందు ఆవిడ పేరు, ఆ తర్వాత ఆ పిల్లి పేరు, మూడో నంబరు నేను! పిల్లి తర్వాతండీ నేను!

నవ్వకండి. సరే, నవ్వుకోండి. నాకైతే నవ్వు రాలేదు.

ఒకసారి ఊలు స్వెట్టర్ వచ్చింది. ఆవిడే సొంతంగా అల్లిందట. పిట్ట ఎండాకాలంలో కూడా విప్పదే! చెమటలు కారుతున్నా అదే. ఉతకమని నాకిచ్చింది. ఊలు వేడినీళ్ళలో వెయ్యకూడదని నాకు తెలీదా? ఏళ్ళ తరబడి ఇదే పని. వేశాను. మసిలే నీళ్ళలో వేశాను. బయటికి తీస్తే ఆ ఫోటోలో పిల్లికి సరిపోయేంత అయింది. "అయ్యో, తెలీక వేశానే" అన్నాను. పిట్ట చిన్నగా అయిపోయిన ఆ స్వెట్టర్ మడతపెట్టి దిండు కింద పెట్టుకుంది.

అప్పుడైనా సిగ్గు రావాలిగా నాకు? రాలేదు. ఇంకా మండింది.

వస్తున్నానండీ, అసలు విషయానికే వస్తున్నా. తాతకి మోకాళ్ళ నొప్పులు. గేటు దగ్గర్నుంచి పోస్టు సంచి మీ బల్ల మీదకి రోజూ ఎవరు తెస్తున్నారు? చెప్పండి చూద్దాం. ఆఁ. నేనే. పాపం ముసలాయన అని నేనే మోస్తున్నా.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, పొద్దున మీరు "ఉత్తరాలు ఎవరు తీశారు" అని అరిచినప్పట్నుంచి నా చెయ్యి ఈ గలీబుల బుట్ట మీదే ఉంది. మీరు చూడలేదు. మీ కళ్ళన్నీ తాత మీదే.

ఇవిగో. గలీబుల కింద.

మూడండీ. లెక్క సరిపోయిందా? చింపలేదు, తెరవనైనా లేదు. అంత పాపానికి చెయ్యి రాలేదు. మొదటిది వానలు పడ్డప్పుడు వచ్చింది. ఆ ఊదా రంగు ఇంకు, ఆ పిట్టబొమ్మ స్టాంపు నాకు చీకట్లో కూడా తెలుస్తాయి. మామూలుగా అయితే మీ దగ్గర పెట్టేసేదాన్నే. కానీ ఆరోజు కవరు తిప్పి చూశా.

నాకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. ఎనభై మంది పిల్లల బట్టల మీద ఎనభై నంబర్లు నేనే కుట్టాను, రాకుండా ఎలా ఉంటాయి? ఆవిడ కవరు మీద ఎప్పుడూ పెద్దగా రెండు వందల పదిహేడు అని ఉండేది. ఆరోజు లేదు! అటు తిప్పి చూశా, ఇటు తిప్పి చూశా. ఎక్కడా లేదు.

ఎంత సంతోషం వేసిందో చెప్పనా? "చూశావా, ఇదీ నీ ప్రేమ! పిల్ల నంబరే మర్చిపోయావు" అనుకున్నా. నంబరు లేని చొక్కా నా దగ్గరికి వస్తే ఎవరికీ ఇవ్వను, అది పక్కన పెట్టెలోకి పోతుంది. నంబరు లేని ఉత్తరం కూడా అంతే అని నాకు నేనే చెప్పుకుని, సబ్బుల డబ్బా వెనక దాచేశాను. రెండోదీ అలాగే వచ్చింది, నంబరు లేకుండా. మూడోదీ అంతే. ఇంక నాకు అడ్డేముంది?

పిట్ట సంగతా? ఏం చెప్పమంటారు. అక్కణ్ణుంచి ఉత్తరం వస్తేనే ఇక్కణ్ణుంచి జవాబు, అది మీ రూలేగా. రాలేదు కాబట్టి రాయలేదు. అంతకుముందు ఆఖరిసారి రాసింది కూడా సిస్టర్‌కి చూపించకుండా తనే ఆ భాషలో రాసేసింది లెండి, నాకు రాని భాషలో! ప్రతి శనివారం మాసిన బట్టలు తెచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగేది. "ఆయమ్మా, నీకేమైనా ఉత్తరం వచ్చిందా?" అని.

నన్ను ఎగతాళి చేస్తోందనుకున్నానండీ. "నాకెవరు రాస్తారే? నాకేం అవతల దేశంలో అమ్మలున్నారా?" అని కసిరేదాన్ని. మొహం ముడుచుకుని వెళ్ళిపోయేది. మళ్ళీ శనివారం మళ్ళీ అదే ప్రశ్న.

ఇదీ జరిగింది. తాతని ఏమీ అనకండి. నన్ను ఏంచేసినా సరే. ముందు ఆ కవర్లు తెరిచి, ఆవిడకి ఏదో ఒకటి రాసి పడేయండి. పోస్టులో ఆలస్యమైందనండి, వరదలొచ్చాయనండి.

తెరవండి, చూస్తారేం? కవరు మీద రాతనే ఎందుకలా మళ్ళీ మళ్ళీ చదువుతున్నారు?

ఏంటీ?

నాకా?

ఎవరికి రాసిందన్నారు? మాస్టారూ, పరాచికాలాడకండి. ఇది ఆ సమయం కాదు.

పిట్ట వాళ్ళ అమ్మగారికి... అని ఉందా కవరు మీద? అందుకా నంబరు లేనిది? నాకు నంబరు లేదు కాబట్టా?

చదవండి. మెల్లగా చదవండి, మన భాషలో, నాకు అర్థమయ్యేలా.

ఊఁ... ఊఁ... ఎవరు రాశారట ఆవిడకి? మా పిట్టా? "మా అమ్మ ఇక్కడే ఉంది, కానీ నేను అమ్మా అని పిలవకూడదు. తనకి ఎవరూ ఉత్తరం రాయరు. ఈసారి నాకు వద్దు, మా అమ్మకి రాయండి" అందా? అదే అందా? ఆ పిల్లా?

అయ్యో నా తల్లీ. శనివారం శనివారం అడిగింది దీనికోసమా!

లేదండీ, ఏడవడం లేదు. సబ్బు నీళ్ళకి కళ్ళు ఎప్పుడూ ఇంతే. రెండోది చదవండి. ఆరోగ్యం ఎలా ఉంది, చేతులు పగిలితే రాసుకోవడానికి ఏదైనా పంపనా... చేతుల సంగతి ఆవిడకెలా తెలుసు? ఇది కూడా రాసిందా పిట్ట? అన్నీ చూస్తుందన్నమాట. ఏమీ మాట్లాడదు గానీ అన్నీ చూస్తుంది.

మూడోది?

ఆగారేం? చదవండి, ఏం పర్లేదు. తిట్టిందా? తిడితే తిట్టనివ్వండి, పడతాను.

"మీరు జవాబు ఇవ్వకపోవడం నాకు అర్థమైంది. మీ బిడ్డ నన్ను అమ్మా అని రాస్తుంటే మీ మనసు ఎంత నొచ్చిందో నేను ఆలోచించలేదు. నాకు పిల్లలు లేరు, ఆ పిలుపుకి ఆశపడ్డాను. క్షమించండి. ఇక మీ మధ్యకి రాను."

అంటే... నేను కోరుకున్నదే. తొమ్మిదేళ్ళుగా రాత్రీ పగలూ కోరుకున్నదే. ఆవిడ పోవాలి, పిట్ట నాకు మిగలాలి అని. పోయింది. ఎంత మర్యాదగా పోయిందో చూశారా? నా మొహం మీద ఉమ్మేసి వెళ్ళినా ఇంత బాధ ఉండదు.

గోతిలో వేశాను మాస్టారూ. నా బిడ్డని నా చేతులతోనే.

వద్దు, సిస్టర్‌కి నేనే చెప్తాను. పిట్టకీ నేనే చెప్తాను. తాత కాళ్ళు కూడా పట్టుకుంటాను, నొప్పి కాళ్ళు, మెల్లగా పట్టుకుంటాను. ముందు మీరు కాగితం తియ్యండి. పోస్టు బండి నాలుగింటికి వస్తుంది.

రాయండి. వరదలూ గిరదలూ వద్దు. ఉత్తరాలు దాచింది నేనే అని రాయండి. కుళ్ళుతో దాచానని రాయండి. ఆ భాషలో కుళ్ళుకి మాట ఉందా? ఉంటుందిలెండి, ఆడవాళ్ళున్న చోటల్లా ఉంటుంది. స్వెట్టర్ సంగతి కూడా రాయండి. పిల్లని వదిలెయ్యొద్దని రాయండి. నా మీద కోపం ఉంటే నన్నే తిట్టమనండి, ఈసారి ఉత్తరం దాచను, మీ చేతే చదివించుకుంటానని రాయండి.

సంతకమా? నాకెక్కడ వచ్చండీ! ఇటివ్వండి కలం. అంకెలు వేస్తాను. రెండు... ఒకటి... ఏడు. చాల్లే, ఎవరి అమ్మనో ఆవిడకి తెలుస్తుంది.

ఆగండాగండి, మొదట్లో ఏమని రాశారు? "అమ్మా" అనా? కొట్టేయండి. కొట్టేయండి మాస్టారూ, మీకు దణ్ణం పెడతా. కుళ్ళు ఇంకా పూర్తిగా చావలేదు, ఏం చేయను? "అక్కా" అని రాయండి. ఇవాళ్టికి నేను అంతవరకే రాగలను.