గౌరి కాన్పు డబ్బు, నాలుగు గవ్వలు

తేదీ 9-2-1981, సోమవారం. న్యూఢిల్లీ, మేజిస్ట్రేటు గారి కోర్టు.

నా పేరు హైమవతి. భర్త పేరు అనంతరామయ్య, కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటు. నా వయసు నలభై ఆరు. వృత్తి ఇల్లు చూసుకోవడం. నివాసం ఆర్.కె.పురం ప్రభుత్వ క్వార్టర్లు, కింది అంతస్తు. సొంత ఊరు తెనాలి. హిందీ మాట్లాడతాను గాని రాయలేను. మీ భాషలో రాసి ఇవ్వండి, తర్జుమా చేయించుకుంటామని ఇక్కడ చెప్పారు కనుక నా చేత్తోనే రాస్తున్నాను.

ఈ రోజు ఇప్పటిదాకా చేసిన పనులు: డిపో నుంచి పాలు తెచ్చి కాచాను. రెండు పూటలకూ ఒకేసారి వండాను. ఆయనకు డబ్బా కట్టాను. బాలింతకు నెయ్యి అన్నం, వెల్లుల్లి కారం క్యారియరులో సర్ది నర్సింగ్ హోములో ఇచ్చాను. పసిబిడ్డ గుడ్డలు ఉతికి అక్కడే డాబా మీద ఆరేశాను. తర్వాత బస్సెక్కి కోర్టుకు వచ్చాను.

నన్ను అడిగినది ఒకటే. ఫిబ్రవరి ఒకటో తేదీ ఆదివారం మా ఇంట్లో పోలీసులు తీసుకుపోయిన పన్నెండు వందల రూపాయలు జూదం డబ్బా, కాదా అని. కాదు. కాని గవ్వలు వేసిన మాట నిజం. అందుకని మొదటి నుంచి చెబుతాను.

దశరథ్ అనే కుర్రవాడు మా తెనాలి వాడే. జియా సరాయ్‌లో ఒక గది అద్దెకు తీసుకుని సివిల్ సర్వీసు పరీక్షలకు చదువుతూ, సాయంత్రాలు ట్యూషన్లు చెబుతాడు. అతని భార్య గౌరి. ఆ అమ్మాయికి తల్లి లేదు. అత్తగారు ఊళ్లో కాలు విరిగి మంచాన ఉంది. నన్ను పిన్నిగారూ అని పిలుస్తుంది. నాకు చేతనైనంత నేను చూస్తున్నాను.

జనవరి మూడో వారంలో డాక్టరమ్మ పరీక్ష చేసి, బిడ్డ అడ్డంగా ఉంది, ఆపరేషన్ చేసి తియ్యాలి అని చెప్పింది. ఫిబ్రవరి మూడు, మంగళవారం ఖాయం చేసింది. ఖర్చు పదిహేను వందల పైన అవుతుందట. ఆ సాయంత్రమే దశరథ్ మా ఇంటికి వచ్చాడు.

"పిన్నిగారూ, పైన అంటే ఎంత పైన?" అన్నాడు.

"అడగలేదా?"

"నోరు రాలేదండీ."

పెద్దాసుపత్రిలో ఖర్చు ఉండదని నాకు తెలుసు. కాని మొదటి నెల నుంచి చూసింది ఈ డాక్టరమ్మే, ఆవిడ చెయ్యే కావాలని గౌరి పట్టు. కడుపుతో ఉన్న పిల్ల పట్టుకు ఎదురు చెప్పకూడదు. మర్నాడు దశరథ్‌ని వెంటబెట్టుకుని నర్సింగ్ హోముకు వెళ్లాను. డాక్టరమ్మ పేరు సర్నా, పంజాబీ ఆవిడ. ఒక్కొక్కటే అడిగాను. మత్తు డాక్టరు ఫీజు మీ ఫీజులో కలిసిందా? కలవలేదు, అది వేరే నూటయాభై. మీ ఫీజు? ఏడు వందలు. గది? రోజుకు నలభై. ముందురోజు వచ్చి చేరితే ఆ రోజుకూ వేస్తారా?

"బెహన్‌జీ, మీరు ఆపరేషన్ చేయించడానికి వచ్చారా, ఆడిట్ చేయడానికి వచ్చారా?"

"చేయించడానికేనండీ. అందుకే ఆడిట్."

ఆవిడ పెన్ను కింద పెట్టి నవ్వింది. ముందురోజు సాయంత్రం ఆరు తర్వాత చేరితే ఆ రోజు లెక్కకట్టను అంది. కుట్లు విప్పి పంపేసరికి ఎనిమిది రోజులు. మందులు, గ్లూకోజు బయట కొనుక్కోవాలి, రెండువందల యాభై దాకా. రక్తం కావలసి వస్తే వంద. ఆయాలకు, టాక్సీకి కలిపి అరవై నేనే వేసుకున్నాను. మొత్తం పదిహేను వందల ఎనభై.

దశరథ్ దగ్గర ట్యూషన్ల డబ్బు నాలుగు వందలుంది. తక్కువ పడింది పదకొండు వందల ఎనభై. మా చీటీ పన్నెండు వందలు. అతను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. "ఇప్పుడు భయం లేదండీ. ఎంతో తెలిసింది కదా" అన్నాడు.

చీటీ అంటే ఏమిటో కోర్టువారికి చెప్పాలి. మా క్వార్టర్ల చుట్టుపక్కల తెలుగు ఆడవాళ్లం పన్నెండు మందిమి కట్టుకుంటాం. గౌరి కూడా అందులో ఉంది. నెలలో మొదటి ఆదివారం తలా వంద తెస్తాం. ఆ మొత్తానికి పాట పెడతాం. ఎక్కువ సొమ్ము వదులుకున్నామె మిగతాది తీసుకుంటుంది. వదులుకున్నది అందరం పంచుకుంటాం. ఒకసారి తీసుకున్నామె మళ్లీ పాడదు, కట్టడం మాత్రం ఆఖరి నెల దాకా కడుతుంది. ఇందులో ఓడిపోయేవాళ్లు ఎవరూ ఉండరు.

పాట పెడితే గౌరి నూటయాభై, రెండొందలు వదులుకోవాలి. అప్పుడు ఆపరేషన్ ఖర్చుకు చాలదు. అందుకని ఒకటో తేదీ ఆదివారం అందరూ మా ఇంట్లో చేరాక, ఈ నెల పాట వద్దు, మొత్తం ఆమెకే ఇద్దామన్నాను. అందరూ సరే అన్నారు. కమలాకుమారి ఒక్కతే ఒప్పుకోలేదు. ఆమె భర్త అకౌంట్సు ఆఫీసులో పని చేస్తారు.

"అక్కయ్యగారూ, గౌరికి రావాలనే నాకూ ఉంది. కాని ఈ నెల రూలు మనమే తప్పితే వచ్చే నెల ఎవరిని ఆపుతాం? పాట లేకపోతే అదృష్టానికి వదలాలి. తీసుకోనివాళ్లందరికీ సమానంగా" అంది.

ఆ మాటా న్యాయమే. పేర్లు రాసి తీద్దామని నేను కాగితం చింపుతుంటే, చీటీలో ఇంకొకామె నాగమల్లేశ్వరి నా చెయ్యి పట్టుకుంది. "కాగితమైతే ఎవరి పేరొస్తుందో దేవుడికే తెలియాలి వదినా. గవ్వలైతే మన చేతిలో ఉంటాయి" అంది. మా ఇంట్లో అష్టాచెమ్మా ఆడుకునే గవ్వలు నాలుగున్నాయి. నాలుగూ బోర్లా పడితే అష్ట. అష్ట పడినామెకే డబ్బు అనుకున్నాం. ఇంకా తీసుకోనివాళ్లం ఏడుగురం. గౌరి ఆఖరున వెయ్యాలి, అష్ట పడేదాకా వెయ్యాలి.

డబ్బు స్టీలు పళ్లెంలో పెట్టి చాప మధ్యలో ఉంచాం. మొదట కమలాకుమారి. రూలు అడిగిన ఆమే, గవ్వలను అరచేతిలో సర్దుకుని, రెండు బోర్లా, రెండు వెల్లకిలా, ఒక్కొక్కటే చాప మీద పెట్టింది. వేసింది అనడానికి లేదు, పెట్టింది. తర్వాత నేను. నేనూ పెట్టాను. నా తర్వాత ముగ్గురూ పెట్టారు. గౌరి కుర్చీలో కూర్చుని, పొట్ట పట్టుకుని, "నవ్వించకండి పిన్నిగారూ, బిడ్డ కదులుతోంది" అంటోంది. ఆ గదిలో అంత నవ్వు నేను ఢిల్లీ వచ్చాక వినలేదు.

ఆరో మనిషి నాగమల్లేశ్వరి. "పెట్టడమేమిటి, పిల్లికి పాలు పెట్టినట్టు? వేసి ఓడిపోతాను చూడండి" అని గవ్వలు గలగలలాడించి విసిరింది. నాలుగూ బోర్లా పడ్డాయి.

అందరం ఒక్కసారి కేక పెట్టాం.

"చెయ్యి జారింది! ఇది లెక్కలోకి రాదు!" అని నాగమల్లేశ్వరి.

"నీ చెయ్యి ఎప్పుడు జారలేదు? మా పింగాణీ ప్లేటు పగలగొట్టినప్పుడూ ఇదే మాట" అని కమలాకుమారి.

ఎండ కోసం తలుపు తీసే ఉంచాం. గుమ్మంలో హెడ్ కానిస్టేబులు, ఒక కానిస్టేబులు నిలబడి ఉన్నారు. ప్రతి నెలా ఈ ఇంట్లో డబ్బు పెట్టి ఆడుతున్నారని పై అంతస్తులో ఉండే చోప్డా గారు చెప్పారట. ఆయనకు మా పాట అర్థం కాదు. అంకెలు అరవడం, నోట్లు లెక్కపెట్టడం మాత్రం తెలుస్తుంది. ఆయన మీద నాకు కోపం లేదు.

"కౌన్ జీతా?" అని హెడ్ కానిస్టేబులు అడిగాడు. గెలిచిందెవరని. అందరి వేళ్లూ నాగమల్లేశ్వరి వైపు వెళ్లాయి.

"మై జీతీ, భయ్యా. లేకిన్ మై నహీ జీతీ" అంది ఆమె. గెలిచాను గాని గెలవలేదని.

డబ్బు, పళ్లెం, నాలుగు గవ్వలు జప్తు చేశారు. గౌరిని ఇంటి దగ్గర కూర్చోబెట్టి మిగతా పదకొండు మందిమీ స్టేషనుకు నడిచాం. సబ్ ఇన్‌స్పెక్టరు తోమర్ గారు మమ్మల్ని చూసి కుర్చీలు చాలక బెంచీలు తెప్పించారు. నేను చీటీ సంగతి చెప్పాను.

"ఎవరైనా ముందే డబ్బు తీసుకుని పారిపోతే ఏం చేస్తారు బెహన్‌జీ?"

"ఎక్కడికి పారిపోతుందండీ? క్వార్టరు రావడానికే పదేళ్లు పట్టింది."

ఆయన నవ్వారు. కాని జప్తు కాగితం రాసేశాక తన చేతిలో ఏమీ లేదు, కోర్టు ఉత్తర్వు కావాలన్నారు. గౌరి మర్నాడు చేరాలన్నాను. రసీదు మాత్రం ఇచ్చారు. ఇస్తూ, గొంతు తగ్గించి, ఆపరేషన్‌కు మొత్తం ఎంతవుతుందని అడిగారు. ఆయన భార్యకు ఏడో నెలట. మత్తు డాక్టరు ఫీజు వేరే ఉంటుంది, ముందే అడగండి అని చెప్పాను. రాసుకున్నారు. ఈ సంగతి ఇక్కడ రాయవచ్చో లేదో తెలియదు. అయినా జరిగినది.

సోమవారం సాయంత్రం ఆరు దాటాక గౌరిని చేర్చాం. నేను రసీదు తీసి డాక్టరమ్మ ముందు పెట్టాను. ఆవిడ రెండుసార్లు చదివింది.

"డబ్బు పోలీసుల దగ్గర ఉందా?"

"ఉందండీ. పైసాతో సహా రాసి ఉంది."

"అడ్వాన్సు కింద చెక్కులు తీసుకున్నాను, గాజులు తీసుకున్నాను. పోలీసు రసీదు తాకట్టు పెట్టినవాళ్లు మీరే." అని దాన్ని తన బల్ల అద్దం కింద పెట్టింది. "బ్యాంకు కంటే భద్రమే. ఇంటికి పంపే రోజుకు మాత్రం డబ్బు కావాలి" అంది.

మంగళవారం ఉదయం ఆపరేషన్ జరిగింది. దశరథ్ నడవాలో రాజ్యాంగ అధికరణాలు వల్లిస్తూ తిరిగాడు. నర్సు వచ్చి "లడ్కీ హై", ఆడపిల్ల అన్నాక కూడా మొదలుపెట్టిన అధికరణం పూర్తి చేసి గాని ఆగలేదు. ఆగి, గోడకు ఆనుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు, నవ్వాడు. తల్లీ పిల్లా క్షేమం. పిల్ల రెండు కిలోల తొమ్మిది వందలు. రక్తం ఎక్కించవలసిన అవసరం రాలేదు. గురువారం చోప్డా గారి భార్య వాళ్లలో బాలింతలకు పెట్టే నేతి పంజీరీ పొడి డబ్బాతో గౌరిని చూడటానికి వచ్చింది. ఆయన మెట్ల దగ్గర నన్ను ఆపి, పాప ఎలా ఉందని అడిగారు. బాగుందన్నాను.

మేజిస్ట్రేటు గారు ఈ రోజు నన్ను, ఆటలో మోసం జరుగుతుండగా చూశానని కానిస్టేబులు చెబుతున్నాడు, నిజమా అని అడిగారు. నిజమే. మోసం జరిగింది. నేనూ చేశాను. ఓడిపోవడానికి చేశాం. ఓడిపోవడం చేతకానిది నాగమల్లేశ్వరి ఒక్కతే. ఆమె బయట వరండాలో ఉంది. గెలిచింది నేనని పోలీసులే రాశారు గనుక ఆ డబ్బు నాది, నాది గనుక నా ఇష్టం, గౌరికి ఇచ్చాను అని చెప్పడానికి వచ్చింది.

రేపు గౌరిని ఇంటికి పంపుతారు. మందులు, టాక్సీ దశరథ్ డబ్బుతో గడిచాయి. డాక్టరమ్మకు ఇవ్వవలసినది పదకొండు వందల డెబ్బై. అది ఇవ్వనిదే పిల్లను ఎత్తుకుని గుమ్మం దాటడానికి మాకు మనసు ఒప్పదు. డబ్బు విడుదల చేయించ ప్రార్థన.

ఇందులో ఉన్నది నేను చేసినది, నా కళ్లతో చూసినది. ఒకరు చెప్పించినది లేదు. దాచినది లేదు. గవ్వలు వేసిన మాట నిజం, జూదం ఆడిన మాట అబద్ధం. చదివి చూసుకుని సంతకం చేస్తున్నాను.

(సం.) హైమవతి

10-2-1981, మంగళవారం. కోర్టు ఉత్తర్వు ప్రకారం రూ. 1,200, స్టీలు పళ్లెం ఒకటి, గవ్వలు నాలుగు నాకు ముట్టినవి. ఈ మధ్యాహ్నమే డాక్టరు సర్నా గారికి రూ. 1,170 చెల్లించి, తాకట్టులో ఉన్న పోలీసు రసీదు విడిపించి దీనికి జతపరిచాను. మిగిలిన ముప్పై గౌరి చేతిలో పెట్టాను. పిల్ల ఇంటికి వచ్చింది. బాకీ చెల్లు.

(సం.) హైమవతి