పందెం కుక్కకు గేటు పరీక్ష

హలో… ఆ, నేనే. పూర్ణచంద్రరావునే, బందరు నుంచి. చెప్పండి హన్నా గారూ.

…లేదండీ, సంతకం ఇంకా పెట్టలేదు. కుక్కను పెంచుకుంటానన్న కాగితం బల్ల మీదే ఉంది. చూసుకోమని మీరిచ్చిన వారం రేపటితో సరి కదా… ఆ, రేపు మీ షెల్టరు వ్యాను వస్తుంది, తెలుసు. ఉంచుకునేదీ పంపేదీ ఈ సాయంత్రమే తేలుస్తాను.

…అనుమానం ఎందుకా? పందెం కుక్క, గేటు తెరిచి ఉంటే ఇంట్లో నిలవదని లోకమంతా అంటోంది. "మాస్టారూ, గ్రేహౌండ్ అంటే పరిగెత్తడానికే పుట్టింది, మీ ఇల్లు దానికి ఆనుతుందా?" అని పక్కింటి మహాలక్ష్మమ్మ గారు రోజూ దెప్పుతున్నారు. లోకం అన్నది కాబట్టి నేను నమ్మను. మీరు కాదన్నారు కాబట్టి, అదీ నమ్మను.

…నవ్వకండి. ముప్ఫయ్యేళ్ళు ఫిజిక్స్ చెప్పాను. గాల్లోంచి విభూతి తీసేవాళ్ళ చేత చొక్కా చేతులు మడిపించినవాణ్ణి. మీ మాట ఊరికే ఎలా ఒప్పుకుంటాను?

…అయితే ఈ సంగతి చెప్పండి. దాని మెడపట్టీ లోపలివైపు రెండు ఫోన్ నంబర్లు కొట్టేసి ఉన్నాయి. ఎవరివి?

…మాట దాటేయకండి. నేనే ఫోన్ చేశాను. మొదటిది గుడివాడ డేవిడ్ రాజు గారిది. గేటు తీసి ఉంటే రైల్వే గేటు దాకా పోయిందట. రెండోది అవనిగడ్డ. వాళ్ళూ తిప్పి పంపారు. నాకు ముందే ఎందుకు చెప్పలేదు?

…"చెబితే తీసుకోరని." బాగుంది. నిజమే చెప్పారు, వారం ఆలస్యంగా.

…నేనూ పంపేస్తే?… ఇంక ఎవరికీ ఇవ్వరా?… మీ షెడ్డులోనేనా? చివరిదాకానా?… ఊఁ.

…ఇంట్లో ఎలా ఉంటుందా? పద్దెనిమిది గంటలు నిద్ర, నోట్‌బుక్‌లో రాశాను. మత్తు పెట్టి ఇచ్చారేమోనని డాక్టరుకు చూపించాను. ఏమీ లేదన్నారు. మెట్లెక్కడం రాదు. పందేల్లో మెట్లుండవుగా! మా వరండా మెట్లు నాలుగూ ఎక్కి దిగడానికి ఐదు రోజులు పట్టింది.

…నేర్పింది నేనే. మా ఆవిడ మాణిక్యమ్మ నవ్వింది, "స్టూడెంట్లకు ఇంత ఓపిగ్గా చెప్పారా?" అని.

…ఆ, నిలబడితే చాలు, నా మోకాలికి ఆనుకుంటుంది. దాన్ని మీరు ప్రేమంటారు. బరువు బదిలీ చేయడమంటాను నేను.

…మీరు పెట్టిన పేరుతో పిలవడం లేదండీ. ఉంటుందో పోతుందో తెలియని దానికి పేరెందుకు?

…ఎలా తేలుస్తానా? పరీక్ష నడుస్తోంది. సరిగ్గా ఐదింటికి గేటు బార్లా తెరిచాను. ఇరవై నిమిషాలు. పిలవకూడదు, ఆపకూడదు. రోడ్డెక్కిందా, రేపు మీ వ్యాను కూడా ఎక్కుతుంది.

…అరవకండమ్మా. వీధి చివర మా వీధి కుర్రాడు శ్యాంబాబును నిలబెట్టాను, పట్టుకోడానికి… గ్రేహౌండ్‌ని అందుకోగలడా అంటే… అది ఆలోచించలేదు.

…ఉంది, వరండాలోనే పడుకుంది. తొమ్మిది నిమిషాలైంది.

…ఉండండి. లేచింది.

…ఒళ్ళు విరుచుకుంటోంది. మెట్లు దిగుతోంది… రెండు… మూడు… నాలుగూ దిగింది! తడబడలేదు!

…పిలవను. పిలిస్తే పరీక్ష చెడుతుంది.

…గేటు దగ్గర నిలబడింది. ఎండుచేపల ఆటో ఒకటి వస్తోంది. వెనక ప్లాస్టిక్ సంచి ఊగుతూ… చెవులు నిక్కబొడిచింది. ముందు కాలు రోడ్డు మీద—

హన్నా గారూ, పెట్టేయకండి, ఒక్క క్షణం—

రాకెట్! రాకెట్టూ! ఆగు నాయనా!

…

…

హలో… ఉన్నాను. కొంచెం ఆయాసం.

…ఉంది, లోపలే. మోకాలికి ఆనుకుని.

…వ్యాను పంపకండి. సంతకం పెడుతున్నాను.

…పరీక్ష నెగ్గిందా అంటే, అలా అనలేను. ఉన్నదున్నట్టు చెబుతాను, రాసుకోండి. గేటు తెరిచింది ఐదింటికి. మూసింది ఐదూ పదకొండుకి. కుక్క పోయేదో లేదో తేలలేదు. పిలిచింది నేను. గేటు మూసింది నేను.

ఉంటానండీ.